మెడ దగ్గర తెగిన తీగ

పోయిన నెల మైలవరంలో మా పిన్ని కూతురి గృహప్రవేశంలో, వ్రతం పీటల దగ్గర టేబుల్ ఫ్యాన్ పెట్టమని ఎవరో ప్లగ్గు అందించబోతే, నలభై ఆరేళ్ల మా తమ్ముడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నాకూ కరెంటుకీ పడదండీ బాబూ, మా ఇంట్లో మోటారు కూడా మా ఆవిడే వేస్తది" అని నవ్వేశాడు. "వీడియో గేమ్ తగలేసిన ఘనుడు గదా, వాణ్ణి దూరంగా ఉంచండి" అని మా బాబాయి అందుకుంటే అందరూ నవ్వారు. నేను మాత్రం కండువా సర్దుకుంటూ పక్కకు చూశాను. ఇంటికి వచ్చాక, ఒంట్లో ఓపిక లేకపోయినా, బీరువా అడుగున దిండు గలీబులో చుట్టి ఉన్న ఆ వీడియో గేమ్ బయటికి తీశాను.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, టీవీకి తగిలించుకునే ఆ బూడిదరంగు పెట్టె, పసుపుపచ్చ క్యాసెట్లు, ఆట రాకపోతే క్యాసెట్ తీసి అడుగున ఊది మళ్లీ పెట్టడం. దాన్ని మా మేనమామ మద్రాసు నుంచి తెచ్చి ఇచ్చేనాటికి తాతగారి రైసు మిల్లు మూతపడి, మేం సత్యనారాయణపురంలో రెండు గదుల వాటాలో ఉంటున్నాం. అయినా నాన్నగారు ఇస్త్రీ పంచె లేకుండా గడప దాటేవారు కాదు, వీధిలో వాళ్లు మమ్మల్ని ఇంకా మిల్లువారనే పిలిచేవారు. పెద్దకొడుకునని గేమ్ బాధ్యత నాకు అప్పగించారు. ఆట అయిపోగానే ప్లగ్గు తీసి, అడాప్టర్ చుట్టూ తీగను ఏడు చుట్లు బిగించి, ఎక్కడా వదులు లేకుండా పెట్టెలో సర్దేవాణ్ణి. వస్తువును మాలాగ చూసుకునే ఇల్లు ఆ వీధిలో ఇంకోటి లేదని నాకు గొప్పగా ఉండేది.

ఆ వేసవిలో గేమ్ మీది ఎర్రలైటు మినుకుమనడం మొదలైంది. తీగను అడాప్టర్‌లోంచి బయటికొచ్చే మెడ దగ్గర ఒక వైపుకు వంచి పట్టుకుంటే వెలిగేది, వదిలితే ఆరిపోయేది. దాని కింద అగ్గిపెట్టె ఎత్తుపెట్టి, ఎవరికీ చెప్పకుండా నాలుగు రోజులు నెట్టుకొచ్చాను. తీగ నా బాధ్యత కనుక, చెడిందంటే మాట నా మీదికి వస్తుంది. ఐదో రోజు నేను ట్యూషన్ నుంచి వచ్చేసరికి తమ్ముడు సొంతంగా ప్లగ్గు పెట్టి కూర్చున్నాడు. అగ్గిపెట్టె సంగతి వాడికి తెలియదు, లైటు వెలగలేదు. ఆఖరున ఎవరు ముట్టుకున్నారని నాన్నగారు అడిగితే వాడు చెయ్యెత్తాడు. నేను మాట్లాడలేదు. "వీడి చెయ్యి పడితే ఏదీ నిలవదు" అన్నారాయన. కొట్టలేదు, కొట్టినా బాగుండేది. ఆ మాట మాత్రం చుట్టాలు వచ్చినప్పుడల్లా అనేవారు.

అప్పుడే ఎవరికైనా చూపించి ఉంటే నిజం తేలిపోయేది. కానీ మా ఇంటి ఆచారం ప్రకారం వస్తువు బాగుచేయాలంటే మనిషే రావాలి. కంసాలి గానీ దర్జీ గానీ రేడియో మెకానిక్ గానీ తాతగారి కాలంలో అరుగు మీద కూర్చుని పని చేసి వెళ్లేవారు. నాన్నగారు కబురు చేస్తే, ఇంటికి రావడం కుదరదు, దుకాణానికి పంపించమని మెకానిక్ తిరుగు కబురు చేశాడు. మిల్లువారి వస్తువు సంచిలో పడి వీధుల వెంట తిరగదని నాన్నగారు దాన్ని బీరువాలో పెట్టించారు. ఆయన కోపం న్యాయమేనని నేనూ అన్నాను. లోపల మాత్రం, మెకానిక్ రానందుకు ఊపిరి పీల్చుకున్నాను.

ఇన్నేళ్లకు దాన్ని నేనే గుడ్డసంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. గవర్నరుపేట సందులో ఆ దుకాణం అగ్గిపెట్టంత ఉంది. తెల్లగడ్డం సాయిబుగారు స్టూలు చూపించినా నేను నిలబడే ఉన్నాను. "కూర్చోండి సార్, స్టూలుకి రిపేరు లేదు" అని నవ్వాడాయన. పాత పెట్టెకు తొందరపడి కరెంటు ఇవ్వకూడదంటూ ముందు అడాప్టర్‌కు మీటరు పెడితే సున్నా చూపించింది. తీగ మెడను వేళ్లతో నొక్కాడు, అంకె లేచింది. వదిలాడు, పడిపోయింది. అక్కడ నాలుగు అంగుళాలు కోసేసి మళ్లీ అతికి, వాడకం లేక లోపల ఉబ్బిన కెపాసిటర్ ఒకటి మార్చాడు. ఎర్రలైటు కదలకుండా వెలిగింది.

"గేమ్‌కి ఏం కాలేదు సార్. తీగ లోపల తెగింది, పైకి కనపడదు. ఎవరండీ బాబూ, కొబ్బరితాడులాగా ఇంత బిగించి చుట్టింది?"

"నేనే" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు. అప్పుడు కూర్చున్నాను, స్టూలు మీద.

మర్నాడు హనుమాన్ జంక్షన్ బస్సులో ఒక్క వాక్యాన్ని పదిసార్లు అనుకున్నాను. తమ్ముడు అక్కడ ఎరువుల కొట్టు మీద ఉన్న వాటాలో ఉంటాడు. వాడి టీవీ కొత్తది, ఈ తీగలు పట్టే చోటే దానికి లేదు. గేమ్‌ను బల్ల మీద పెట్టి, "ఒరేయ్, ఇది పోయింది నీ వల్ల కాదురా, నేను చుట్టి చుట్టి తెంపాను. నువ్వు ముట్టుకోక ముందు నుంచే మినుకుమంటా ఉంది" అన్నాను.

"నీకు అప్పుడే తెల్సా అన్నయ్యా?"

"తెలుసు."

"నాన్నగారు ఉండగా చెప్పాల్సింది" అన్నాడు, అంతే. తర్వాత తనే ప్లగ్గు అందుకుని గోడకు పెట్టాడు. ఆట లేదు, బొమ్మ లేదు, ఇద్దరం ఆ ఎర్రచుక్కను చూస్తూ కూర్చున్నాం.

ఈ రోజుల్లో అడాప్టర్ పోతే పారేసి కొత్తది తెచ్చుకుంటున్నారు, ఆఖరున ముట్టుకున్నది ఎవరని ఏ ఇంట్లోనూ విచారణ జరగదు, మిల్లువారంటే ఎవరో చెప్పగలిగే వాళ్లు కూడా మా వీధిలో మిగలలేదు. అదంతా పోయిందని ఇన్నాళ్లూ బాధపడ్డవాణ్ణే, ఇప్పుడు అందులో కొంత ఇంకా ముందే పోయి ఉంటే బాగుండేదనిపిస్తోంది. నేను లేచేటప్పుడు ప్లగ్గు తీయడానికి చెయ్యి చాచిన తమ్ముడు, సగంలో ఆగి, అలవాటుగా వాళ్ల ఆవిడను కేకేశాడు.