తొడిమతో రాలిన కాయ

మా తోటల్లో ఒక వాడుక ఉండేది. చెట్టు మీంచి చిక్కంతో కోసిన కాయ తోట గలాయనది, గాలికి రాలిన కాయ ఏరుకున్నవాళ్లది. మా అమ్మమ్మ ఏరింది, మా అమ్మ ఏరింది, నేనూ ఏరాను. ఎవరూ ఎవరినీ అడిగింది లేదు. నూజివీడు నుంచి మైలవరం వెళ్లే దారిలో ఎటు చూసినా మామిడితోటలే. అన్నీ కలిపి పట్టుమని పదిమంది చేతుల్లో ఉండేవి, మిగతా జనమంతా ఆ చెట్ల కింద బతికేవాళ్లు. కిందపడ్డదైనా మాది కదా అని సరిపెట్టుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

కనకమ్మక్క ఇల్లు మా ఇంటికి రెండిళ్ల అవతల. మనిషి సన్నం, నోరు మాత్రం పెద్దది. నా గంప చూసినప్పుడల్లా "ఏంటే, కాయలు ఏరావా, నీడ ఏరావా?" అని ఆటపట్టించేది. ఆమె మొగుడు పెద్దిరాజు కాయకోతలో పేరున్నవాడు. ఒక ఏడు పెద్దరసం చెట్టు కొమ్మ విరిగి, దాంతోపాటు కిందపడ్డాడు. నడుం పోయింది. తోట గలాయన బెజవాడలో ఉంటాడు. ఒక బస్తా బియ్యం పంపించి చేతులు దులుపుకున్నాడు. అప్పట్నించి పెద్దిరాజుకి నులకమంచమే లోకం. వాళ్లకి సరోజ అని ఒక్కతే కూతురు, అప్పటికి ఇంకా పాలపళ్లు ఊడని పిల్ల.

కూలి దొరికినన్నాళ్లు ఎలాగో గడిచేది. కాయకోతలు అయిపోయాక, ఉంగుటూరు వైపు వరినాట్లు మొదలయ్యేలోపు ఆషాఢం ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో ఎవరికీ పని ఉండదు. కనకమ్మక్క ఆ ఆషాఢం కోసం వేసవిలోనే తంటాలు పడేది. రాలిన పచ్చికాయలు ఏరి, చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి పాతచీర మీద ఎండబెట్టేది. ఆ ఒరుగులు నూజివీడు బజార్లో ఒక కొట్లో ఇచ్చి నూకలు తెచ్చుకునేది. ఒరుగులుంటే ఇంట్లో ముగ్గురూ ఆషాఢం దాటుతారు. లేకపోతే దాటరు. ఆమె సంసారం మొత్తం ఆ పాతచీర మీద ఆరుతూ ఉండేది.

రెండు రూపాయల బియ్యం వచ్చిన మరుసటేడు అనుకుంటాను, తోటని నూజివీడు వ్యాపారి వీరభద్రరావు పూత మీదే గుత్తకి తీసుకున్నాడు. ఆయన ఎవరినీ చెడ్డమాట అనేవాడు కాదు, అందరినీ అమ్మా అనే పిలిచేవాడు. అలాంటివాళ్లతోనే వచ్చింది చిక్కు. పచ్చళ్ల కంపెనీ ఒకటి రాలిన కాయని కూడా లారీలకి ఎత్తుకుంటామని కబురు పెట్టేసరికి ఆయన కళ్లు చెట్ల మీంచి నేలమీదకి దిగాయి. మమ్మల్నందరినీ పిలిచి నిదానంగా చెప్పాడు. తొడిమ లేని కాయ దానంతటది రాలినట్టు లెక్క, అది మీరు తీసుకోండి. తొడిమ ఉన్న కాయ ఎవరో తుంచినట్టు లెక్క, అది నాకు ఇచ్చేయండి అన్నాడు.

వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. మామూలు గాలికి రాలేది పుచ్చిన కాయ. తొడిమ దగ్గర వదులై ఊడి పడుతుంది. గాలివానకి రాలేది మంచి కాయ. అది తొడిమతో, ఒక్కోసారి రెమ్మతో సహా వచ్చి పడుతుంది. అంటే పుచ్చింది మాకు, మంచిది ఆయనకి. ఈ సంగతి మేముండే పేటలో ప్రతి ఆడదానికీ తెలుసు. ఆయనకీ తెలుసు.

చైత్రం చివర్లో ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి గాలివాన కొట్టింది. వాన వెలిసేసరికి తోట నేలంతా పచ్చటి కాయ. మేం గంపలు పట్టుకుని పరిగెత్తాం. ఏది తీసి చూసినా తొడిమ ఉంది. చాలామంది ఉసూరుమంటూ ఎక్కడి కాయ అక్కడే వదిలేశారు. కనకమ్మక్క వదల్లేదు. గంప నిండా ఏరుకుని వెళ్లి మోటారు షెడ్డు వెనకాల కూర్చుంది. ఒక్కో కాయ తీసి తొడిమ తుంచడం మొదలుపెట్టింది.

తొడిమ తుంచితే సొన చిమ్ముతుందనీ, అది తగిలిన చోట ఒళ్లు కాలుతుందనీ ఆమెకి తెలియక కాదు. ఆ పూట ఆమెకి కాయ మీద తొడిమే కనపడింది, తన చేతులు కనపడలేదు. గంపెడు కాయకీ తొడిమలు తీసేసి, తలమీద పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. మెడ మీదా, మోచేతుల మీదా సొన చారికలు. అరచేతులు అప్పటికే ఎర్రగా కమిలిపోయాయి.

గేటు దగ్గర కాపలా బుచ్చయ్య తల పక్కకి తిప్పుకున్నాడు. చూడనట్టు వదిలేద్దామనే అనుకున్నాడు పాపం. ఆయన వెనకాలే వీరభద్రరావు కుర్చీ వేసుకుని ఉన్నాడు.

"మంచి కాయమ్మా. ఒక్కదానికీ తొడిమ లేదే! ఏదీ, చేతులు చూపించు" అన్నాడు.

ఆమె గంప దించి చేతులు చాపింది. దాచుకోవాలని కూడా తోచలేదు.

"షావుకారు గారండీ, నేను కొయ్యలేదండి. గాలికే రాలాయి. తొడిమ మాత్రం నేనే తుంచాను. తొడిమ ఉంటే మీదన్నారు కదండీ, అందుకని తుంచాను. ఇంట్లో మంచం మీద మనిషున్నాడండి."

"నిజంగా రాలిన కాయైతే దాచిపెట్టాల్సిన పనేంటమ్మా?" అన్నాడాయన, గొంతు కూడా పెంచకుండా.

గంప తీసుకెళ్లి లారీ దగ్గర కాయల్లో పోసేశారు. ఇక మీదట కనకమ్మ తోటలోకి రాకూడదన్నారు. దొంగ అన్న మాట మటుకు ఆయన నోట రాలేదు. ఆ మాట పేటలో మావాళ్లే అనుకోవడం మొదలుపెట్టారు. అదే నాకు అన్నిటికన్నా కష్టంగా తోచింది.

కూలిసంఘం గంగరాజు ఊరుకోలేదు. పేటలో అందర్నీ కూర్చోబెట్టాడు. ఆయన అడిగింది ఆకాశంలో చుక్కల్ని కాదు. రాలిన కాయలో సగం ఏరినవాళ్లకి ఇవ్వాలి, ఆ మాట గుత్త కాగితంలోనే రాయాలి, ఏ ఏడు ఎవరు తోట తీసుకున్నా అదే నడవాలి. దీనివల్ల బెజవాడ మేడలో ఒక్క ఇటుక ఊడేది కాదు, వీరభద్రరావు లారీ ఒక్కటి ఆగేది కాదు. ఇక్కడ మాత్రం ఇంటింటికీ ఆషాఢం గడిచేది. నూజివీడులో లేబరు ఆఫీసరుగారి దగ్గరికి వెళితే, ఎప్పట్నించో ఉన్న వాడుక అంటున్నారు సరే, రాసిన కాగితం ఏదన్నా ఉందా అని అడిగారట. మా అమ్మమ్మకి వేలిముద్ర వేయడమే వచ్చు, వాడుకని కాగితం మీద ఎవరు రాసి పెడతారు?

సరే, కోత ఆపేద్దామన్నారు. బంగినపల్లి కోతకొచ్చిన రోజులవి. మామిడికాయ ఎవరి కోసమూ ఆగదు, అదొక్కటే మా బలం. పేటలో ఒక్కరూ తోటకి వెళ్లలేదు. కాయ చెట్టుమీదే ముగ్గి రాలడం మొదలైంది. వీరభద్రరావు ఒకసారి గంగరాజు ఇంటి గుమ్మం దాకా వచ్చి వెళ్లాడు. నిజం చెప్పాలంటే, గెలిచామనే అనుకున్నాం. కనకమ్మక్క మళ్లీ పాత చీర ఉతికి ఆరేసింది.

మర్నాడు పొద్దున హనుమాన్ జంక్షన్ వైపు నుంచి లారీ వచ్చింది, నిండా మా బదులు కోతకి తెచ్చిన జనం. మేం దారికి అడ్డంగా నిలబడ్డాం, అందరికన్నా ముందు కనకమ్మక్క. లారీ ఆగింది. జనం దిగారు. ఎక్కడో వానల్లేని ఊళ్ల నుంచి వచ్చారట. చంకల్లో పిల్లలు, చేతుల్లో సత్తుగిన్నెలు. దిగిన వెంటనే రెండు మూడు చేతులు రోడ్డు పక్కన పడి ఉన్న ముగ్గిన కాయల మీదకి వెళ్లాయి. తొక్క కూడా తీయకుండా తింటున్నారు.

కనకమ్మక్క ఆ పిల్లల వైపు చూసి నా వైపు తిరిగింది.

"వీళ్లని ఎట్టా ఆపుతామే? మనకన్నా ఎండిపోయి ఉన్నారు" అంది నాతో.

అని పక్కకి జరిగింది. మేమూ జరిగాం. సమ్మె అక్కడితో అయిపోయింది. లేనివాళ్లం మేం రెండు జట్లుగా రోడ్డు మీద ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తోట గలాయన ఆ రోజు కూడా బెజవాడ నుంచి రాలేదు. రావాల్సిన అవసరం ఏముంది?

మిగిలినవాళ్లని వారం తిరక్కుండా పనిలోకి పిలిచారు. కనకమ్మక్కని పిలవలేదు. ఆషాఢం వచ్చింది. రేషన్ బియ్యం రెండు రూపాయలే, ఆ రెండు రూపాయలు ఉన్నవాళ్లకి. మేం పెట్టింది పెట్టాం, మా ఇళ్లలో ఉన్నదీ అంతంతమాత్రమే. పెద్దిరాజు తనకి ఆకలి కావడం లేదని చెప్పడం మొదలుపెట్టాడు. కంచం సరోజ వైపు తోసేసేవాడు. మంచం మీద పడున్నవాడికి ఆకలేంటి అని నవ్వేవాడు కూడా. నాట్లు మొదలవకముందే పోయాడు. నడుం జబ్బుతో పోయాడని అందరూ అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

ఆ మరుసటి వేసవిలో వీరభద్రరావు ఆమెని పనిలోకి రానిచ్చాడు, మంచితనంతోనే. రాలిన కాయలు ఆయన కోసం ఏరాలి, రోజుకూలి ఇస్తారు. సాయంత్రం గేటు దగ్గర ఆడవాళ్లందరూ సొన మరక లేదని చేతులు చూపించి బయటికి రావాలి. మా చేతులు బుచ్చయ్య చూసీ చూడనట్టు వదిలేసేవాడు. కనకమ్మక్క అరచేతుల మీద పాత సొన కాలిన మచ్చలు నల్లగా ఉండిపోయాయి. షావుకారు కూర్చుని ఉన్న రోజున ఆ చేతులు మళ్లీ మళ్లీ తిప్పి చూడక తప్పేది కాదు. మొదట్లో ఆమె పళ్లు కొరుక్కునేది. తర్వాత్తర్వాత అడక్కముందే చాపి, "చూసుకోండి" అనేది. నా గంప వైపు చూడటం మానేసింది. నీడ ఏరావా అని అడిగే మనిషే లేకుండా పోయింది.

ఆ రోజుల్లోనే ఒకసారి రేషన్ షాపు దగ్గర వరసలో నేను ఆమె వెనకాల నిలబడ్డాను. పక్కన సరోజ ఉంది. డీలరు కనకమ్మ పేరు పిలిచాడు. ఆమె ముందుకు వెళ్లి, సంచి కూతురికి ఇచ్చి, రెండు చేతులూ ఆయన ముందు చాపింది.

"చూసుకోండి" అంది.

డీలరుకి ఏమీ అర్థం కాలేదు.

"చేతులు చాపుతావేంటమ్మా, ఇదేమన్నా ధర్మమా? డబ్బులిచ్చి సంచి పట్టు" అన్నాడు.

వరసలో ఎవరో నవ్వారు. ఆమె చేతులు దించలేదు. చూసి పొమ్మనేదాకా నిలబడాలి కదా, అలాగే నిలబడింది. సరోజ ఒకసారి తల్లి మొహంలోకి చూసింది. ఏమనుకుందో, సంచి కింద పెట్టేసి, తన చేతులు కూడా చాపింది.