రేడియో అక్క గొంతు

రేవులో అందరూ ఆమెను రేడియో అక్క అంటారు. హార్బర్ ఆఫీసు మేడమీద గదిలో కూర్చుని, వాతావరణ కేంద్రం పంపిన కాగితాన్ని రోజూ పొద్దున్నే పడవలకు వైర్‌లెస్‌లో చదివి వినిపించడం పందొమ్మిదేళ్లుగా ఆమె ఉద్యోగం. గాలి వేగం, అలల ఎత్తు, హెచ్చరిక. ఉన్నది ఉన్నట్టు చదవాలి, సొంత మాట ఒక్కటీ కలపకూడదు. తుఫానొచ్చినా ఎండ కాసినా ఆమె గొంతు ఒక్కలాగే ఉంటుంది. అది తన గొప్పేనని ఆమె నమ్మకం. పడవలవాళ్లు మాత్రం ఆ గొంతు వింటూ తాపీగా టీ తాగేవాళ్లు.

ఆ ఉదయం కాగితంలో, మధ్యాహ్నంలోపే మూడున్నర మీటర్ల అలలు లేస్తాయి, పడవలు వెంటనే తీరం చేరాలి అని ఉంది. అప్పటికే పదకొండు పడవలు సముద్రం మీదున్నాయి. అందులో ఒకటి ఆమె తమ్ముడిది. ఆమె చదివింది. ఎవరూ తిరగలేదు. మళ్లీ చదివింది. విన్నాంలే అని ఒక పడవ నడిపే ముసలి సరంగు బద్ధకంగా బదులిచ్చాడు. కిందటి నెల రెండుసార్లు ఇలాగే హెచ్చరిస్తే, రెండుసార్లూ ఆకు కూడా కదల్లేదు మరి. వేసిన వలను ఊరికే ఎవడు తీస్తాడు?

కిటికీలోంచి చూస్తే సముద్రం ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది. తన గొంతే వాళ్లను జోకొడుతోందని అప్పుడు తట్టింది. ఇన్నేళ్ల నిబ్బరం ఇవాళ తమ్ముడి ప్రాణం మీదికి తెచ్చింది. కాగితం బోర్లించి మీట నొక్కింది.

"తమ్ముడూ, నాకు భయమేస్తోందిరా. వల కోసేసి వచ్చెయ్."

చివరికొచ్చేసరికి గొంతు పూడుకుపోయింది. తమ్ముడి నుంచి జవాబు లేదు. కాసేపటికి ఆ ముసలి సరంగే మాట్లాడాడు.

"అక్క ఏడుస్తోందిరా. తిప్పండి పడవలు."

పదకొండున్నరకల్లా అలలు రేవు గోడ దాటి ఆఫీసు మెట్లు తడిపాయి. పది పడవలు లోపలికొచ్చాయి. ఆమె వేళ్లమీద లెక్కపెట్టుకుంది, నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టింది. పదకొండోది సముద్రంలోంచి రేవులోకి వచ్చే మొగ దగ్గర ఒక పక్కకు ఒరిగిపోతూ కనిపించేసరికి, మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు.

తమ్ముడు తడిసి ముద్దయి గట్టెక్కాడు. ఒక్కసారైనా నా మాట విన్నావు, అదే పదివేలు అంటూ ఆమె వాడి చొక్కా పట్టుకుంది. వాడు నీళ్లు నమిలాడు.

"వినలేదక్కా. పొద్దున్నే నీ గొంతు మొదలవగానే వైర్‌లెస్ సెట్టు కట్టేస్తాను, అలవాటైపోయింది. అందరూ తిరుగుతుంటే వాళ్ల వెనకాల వచ్చాను."

ఆమె వాడి చెంప ఛెళ్లుమనిపించింది. ఆ చేత్తోనే కొంగు తీసి వాడి తల తుడిచింది.