రెండు చందమామల కింద కందిచేను

నేను రాసే కథల్లో ఎవరూ ఎవరినీ చంపరు. వేరే గ్రహాల మీద వానలు పడతాయి, పంటలు పండుతాయి, పొద్దుగూకే వేళకు జనం ఇళ్లకు చేరతారు. అలాంటి కథ ఒకటి పత్రికకు పంపితే, "ఇందులో ఏమీ జరగడం లేదు, ఒక యుద్ధం పెట్టండి" అని సంపాదకుడు తిప్పి పంపాడు.

ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని నారాయణఖేడ్ బస్టాండులో కూర్చుని, యుద్ధాన్ని ఎక్కడ ఇరికించాలా అని చూస్తున్నాను. పక్కన నాగల్‌గిద్ద బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దామె "ఏం రాస్తున్నవ్ బిడ్డా, జర సదువు" అంది. చదివాను. ఆకాశంలో రెండు చందమామలున్నా, చెట్లు మాట్లాడుకున్నా ఆమె ఏమీ అనలేదు. జొన్న, కంది ఒకే రోజు కోశారన్న చోట మాత్రం కాగితం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"గది తప్పు. కలిపి ఏసినా జొన్న ముందుగాల కోస్తరు. గప్పుడే కందికి ఎండ తాకి కొమ్మలేస్తది. కంది కోతకు ఇంక రెండు నెల్లు పడ్తది."

సిగ్గుపడి దిద్దుకున్నాను. ఇందులో యుద్ధం కూడా పెట్టమంటున్నారని చెప్పాను.

"అందరు లడాయికి పోతే కంది ఎవలు కోస్తరు?" అంది. అంతలో బస్సు వస్తే సంచి పట్టుకుని లేచి వెళ్లింది.

కోత ఒక్కటే మార్చి కథను మళ్లీ పంపాను. యుద్ధం ఏదని సంపాదకుడు అడిగాడు. అక్కడ అందరూ కందికోతలో ఉన్నారు, ఎవరికీ తీరిక లేదని జవాబు రాశాను.