వద్దమ్మ

బస్సుల కంపెనీ ఆఫీసులో మూడో అంతస్తున, కిటికీకి వీపు పెట్టుకుని కూర్చునే ఆమెను ఆఫీసులో మేడమ్ అనేవారు, ఇంట్లో అత్తగారు అమ్మాయ్ అనేది. ఆమె ముఖం కూడా ఎరగని కొన్ని వేలమంది మాత్రం వద్దమ్మ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు.

ఆమె పని జావా అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాములు రాయడం. స్టాపులో నిలబడ్డ మనిషి తన బస్సు ఎక్కడుందో ఫోన్లో చూస్తే, ఆ ఫోను ఆఫీసు సర్వరును అడుగుతుంది, సర్వరు జవాబు చెబుతుంది. ఇలా అడగాలి, అలా చెప్పాలి అనే కట్టుబాటుతో నడిచే ఇలాంటి విచారణ కిటికీలనే రెస్ట్ సర్వీసులంటారు. ప్రతి కిటికీనీ పునాదుల నుంచి కట్టుకునే పని లేకుండా చట్రం తయారుగా ఇచ్చేది ఫ్రేమ్‌వర్క్. ఆ రోజుల్లో ఆఫీసువాళ్ళు వాడే ఫ్రేమ్‌వర్క్ ఏనుగంత ఉండేది. పాత కంప్యూటర్ల మీద అది లేచి కూర్చునేలోపు కిందికెళ్ళి టీ తాగి రావచ్చు. ఒక్క అక్షరం మార్చినా మళ్ళీ మొదటికే. విసుగెత్తి, తమకు కావలసినంత మటుకే ఉండే చిన్న చట్రం ఒకటి ఆమె సొంతంగా రాసుకుంది. కన్ను మూసి తెరిచేలోగా లేచి పనిలో పడేది అది.

పై అధికారి చూసి, "దాచుకుని మనమేం చేస్తామండీ, అందరికీ ఇచ్చేయండి" అన్నాడు. ఎవరైనా చూడొచ్చు, ఊరికే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని రాసి, కోడంతా ఇంటర్నెట్లో పెట్టడానికి సిద్ధపడింది. పేరు మాత్రం తోచలేదు. భర్తను అడిగింది. ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు.

"ఏమాత్రం బరువుంటుందేంటి?" అన్నాడు.

"ఏమీ ఉండదు. దాని గొప్పే అది."

"అయితే ఈక అని పెట్టు."

అదే ఖాయమైంది.

కొన్నాళ్ళు దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. తర్వాత ఎక్కడో ఒక గోదామువాళ్ళు వాడారు, ఆ తర్వాత ఒక కాలేజీ, ఆ తర్వాత ఆమెకు లెక్క తెలియలేదు. వాడేవాళ్ళు పెరిగేకొద్దీ అడిగేవాళ్ళూ పెరిగారు. లాగిన్ కూడా మీరే పెట్టండి, డేటాబేస్ సంగతి కూడా మీరే చూడండి, ఫలానా దాంట్లో ఉంది కదా, దీంట్లో ఎందుకు లేదు. మొదట్లో ఎందుకు కుదరదో ఓపిగ్గా విడమరిచి రాసేది. పోనుపోను "వద్దు, మీ వైపు రాసుకోండి" అనేది. చివరికి "వద్దు" ఒక్కటే మిగిలింది. అలా వద్దమ్మ అయింది.

"ఈకకు ఈకలు పీకేవాళ్ళు ఇంతమందున్నారా?" అని భర్త కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. అప్పటికింకా నవ్వే ఓపిక ఉండేది.

ఏళ్ళు గడిచాయి. పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు రెండు ఫిర్యాదులకు జవాబు రాసేది. బస్సులో ఇంకో రెండు. ఆఫీసులో ఆఫీసు పని, సాయంత్రం మళ్ళీ ఇదే. ఒకాయన "మీ నిర్లక్ష్యం వల్ల మా పని ఆగిపోయింది" అని రాస్తాడు. చూస్తే ఆయనే తన కోడులో ఏదో పేరు తప్పు రాసుకుని ఉంటాడు. సరిచేసి చెబితే ఆ మనిషి మళ్ళీ కనిపించడు. అక్క ఫోన్ చేసినప్పుడల్లా "ఎవరు బతిమాలారే నిన్ను?" అనేది. ఈమె వదలలేకపోయేది. పెంచిన చేతులు, అంతే.

ఇంతలో అత్తగారికి మోకాలి ఆపరేషనైంది. వారంలో మూడు సాయంత్రాలు క్లినిక్‌కు తీసుకెళ్ళి నడిపించాలి. భర్త షాపులో సాయంత్రాలే రద్దీ, కనుక ఆ పని ఆమె మీద పడింది. లోపల అత్తగారు కమ్మీ పట్టుకుని అడుగులు వేస్తుంటే, బయట బల్ల మీద ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఈక పని చూసేది.

ఆ బల్ల మీదే ఒకరోజు గుడ్లగూబ పంపిన మార్పు చూసింది. గుడ్లగూబ అంటే చాలాకాలంగా ఈకకు మరమ్మతులు చేసి పంపే మనిషి. అసలు పేరు చెప్పలేదు, ఆమె అడగలేదు. అతని పని ఎప్పుడూ శుభ్రంగా ఉండేది. ఈసారి మార్పు వేగం కోసం. వచ్చిన ప్రతి ప్రశ్నకూ ఈక ఒక కొత్త పళ్ళెం తీసి అందులో జవాబు వడ్డించేది. ఒకసారి వాడిన పళ్ళేన్నే కడిగి మళ్ళీ వాడితే పని తొందరగా తెములుతుందని అతని ఆలోచన. ఆమె సగం చదివింది. లోపలి నుంచి "అమ్మాయ్, చెప్పులు" అన్న కేక వినిపించింది. మిగతా సగం చదవకుండానే "సరే" కొట్టేసి లేచింది.

కొత్త వెర్షన్ వెళ్ళిన కొన్ని వారాలకు ఫోనొచ్చింది. ఏదో ఊళ్ళో రక్తపరీక్షల ల్యాబులో ప్రోగ్రాములు రాసే అబ్బాయి. గొంతు తడబడుతోంది.

"మేడమ్, ఒకావిడ తన రిపోర్టు చూసుకుంటే ఇంకొకాయనది వచ్చిందండి. ఆవిడ భయపడిపోయి మా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. నా కోడంతా గాలించాను. మిమ్మల్ని అనడం కాదు, ఒక్కసారి చూస్తారా?"

"ఆవిడకి సరైన రిపోర్టు ఇచ్చారా?"

"ఇచ్చామండి. కుదుటపడ్డారు."

"కొత్త వెర్షన్ తీసేసి పాతది పెట్టండి, ఇప్పుడే. మిగతాది నేను చూస్తా."

మర్నాడు సెలవు పెట్టింది. అమ్మను తను తీసుకెళ్తానని భర్త షాపుకు చెప్పుకున్నాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, అప్పుడు వదిలేసిన రెండో సగం చదివింది. ఒకే క్షణంలో ఇద్దరు అడిగితే, కడగని పళ్ళెం ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్ళిపోతోంది. ఆ రోజు చివరిదాకా చదివి ఉంటే కళ్ళు మూసుకుని పట్టేసేది. సరిచేయడానికి ఎంతోసేపు పట్టలేదు. చేశాక మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయింది. అడిగినవాళ్ళందరికీ అన్నేళ్ళూ వద్దు వద్దు అని, అనవలసిన ఒక్క చోట అనలేదు.

అందరికీ హెచ్చరిక రాసి పెట్టిన కాసేపటికి గుడ్లగూబ వీడియోలో పిలిచాడు. అతన్ని చూడడం ఆమెకదే మొదటిసారి. నెరిసిన గడ్డం, తనకంటే పెద్దవాడిలా ఉన్నాడు.

"తప్పు నాదమ్మా. హెచ్చరికలో నా పేరు రాయాల్సింది."

"మీరు పంపారు, నేను చదవకుండా ఒప్పుకున్నాను. నాకు చదివే ఓపిక లేదండీ, అదీ సంగతి. ఇకమీదట కూడా ఉండదు. దీన్ని మీరు తీసుకోండి."

అతను తెరకు దగ్గరగా జరిగాడు. "ఇంత చేశాక నాకా?"

"ఇక మీరు రెండుసార్లు చదువుతారు."

"నేను మీలా వద్దనలేను. మొహమాటస్థుణ్ణి."

"అది మీ ఇష్టం. నన్ను మాత్రం మళ్ళీ అడక్కండి."

ఇంకొకరిని తోడు తీసుకుంటానన్న షరతు మీద ఒప్పుకున్నాడు. తాళాలన్నీ అప్పగించడం ఒక్క సాయంత్రంలో అయిపోయింది. కొందరు ధన్యవాదాలు రాశారు. ఒకాయన మాత్రం తన పాత కోరిక ఇప్పుడైనా తీరుతుందా అని అడిగాడు.

తీరింది. గుడ్లగూబ మొహమాటం మాట నిజమే. లాగిన్ వచ్చింది, డేటాబేస్ వచ్చింది, ఎవరెవరో అడిగినవన్నీ వచ్చాయి. వద్దమ్మ పోయి సరేనయ్య వచ్చాడని జనం రాసుకున్నారు. ఏడాది తిరిగాక ఆఫీసులో ఈక కొత్త వెర్షన్ వేయాల్సి వచ్చింది. వేసి, అది లేచేదాకా చూస్తూ కూర్చుంది. ఆలస్యంగా లేచింది. బరువు లెక్కచూస్తే తను ఇచ్చిన దానికి నాలుగింతలుంది.

రాత్రి భోజనాల దగ్గర భర్తకు చెప్పింది.

"బాధగా ఉందా?" అన్నాడు ఆయన.

ఆలోచించింది. "ఉండాలేమో అనిపిస్తోంది. లేదు. జనానికి అదే కావాలేమో, నాకు తెలీదు."

"పాతది ఉందిగా, అదే వాడుకో."

"ఉంది. ఎవరికి కావాలన్నా ఉంది." మజ్జిగ గ్లాసు పక్కకు జరిపి లేచింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం గదిలో తెర లాగి పడుకుంది. అత్తగారు చేతికర్ర ఆనించుకుంటూ గుమ్మందాకా వచ్చి, "ఒంట్లో బాలేదా అమ్మాయ్?" అంది.

"బానే ఉందత్తయ్యా. నిద్రొస్తోంది."

"పడుకో మరి," అని ఆవిడ తలుపు దగ్గరగా వేసింది.