గోడ మీద షిఫ్టు గీతలు

నవాగామ్‌కు మగ్గాల పనికి వలసొచ్చిన మా గల్లీ జనం యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: చాయ్ కొట్టు ముందరి బెంచీకి ఎడమ చివర, మేకు లేచి ఉన్న చోట, నేటి నుంచి ఎవరూ కూర్చోరాదు. కూర్చున్నవారి లాగు చిరిగినచో నాకు సంబంధం లేదు. ఆ మేకును తప్పించుకుని కూర్చోవడం తెలిసిన ఒకే ఒక్క మనిషి, మా కాంపౌండర్ కాక, మొన్న సోమవారం పొద్దున పోయాడు.

కాక నాకు చుట్టం కాదు. పశువుల ఆస్పత్రిలో కాంపౌండర్‌గా చేసి రిటైరై మా పక్క గదిలో ఉండేవాడు. ఒకసారి ఆయన తలుపు మీద సుద్దముక్కతో 'ఇచ్చట మగ్గాల వాళ్లకు కూడా లాడాలు కొట్టబడును' అని రాశాను. ఆయన చెరపలేదు. కింద 'ముందుగాల రాసినోనికి' అని చేర్చాడు.

నేనూ తమ్ముడూ ఒకే మగ్గం మీద పనిచేస్తాం. నాది పగటి షిఫ్టు, వాడిది రాత్రిది. బరాత్‌లకు తిప్పే ఆడగుర్రం కూడా ఇద్దరిదీ. పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో అది కట్టు తెంపుకుని దాణా బస్తా ఖాళీ చేసింది. రెండో రోజుకు ముందుకాళ్ల గిట్టలు పెనంలా కాలాయి. బరువంతా వెనక్కి వేసి, అడుగు తీసి అడుగు వేయలేక నిలబడింది. గిట్ట లోపల వాపన్నాడు పశువుల డాక్టర్. దాని బరువు కొలిచి, నొప్పీ వాపూ తగ్గే మందు ఎంత, రోజుకు ఎన్నిసార్లు, ఎన్నాళ్లు అని కాగితం మీద రాసిచ్చాడు.

కాగితం ఎవరు చదివారు? పొద్దున నేను మందు పెట్టి డ్యూటీకి పోయేవాణ్ని. డ్యూటీ దిగొచ్చిన తమ్ముడు, నేను మరిచానేమోనని మళ్లీ పెట్టేవాడు. అది చాలదన్నట్టు, మేం ఒళ్లునొప్పులకు మింగే గోళీలు నాలుగు బెల్లంలో దాచి తినిపించాను. మేం రెండేసుకుని పన్నెండు గంటలు నిలబడటం లేదా? నాలుగో రోజు గుర్రం ఝామ్మని నడిచింది. కామ్‌రేజ్‌లో బరాత్ కూడా ఒప్పుకున్నాను. ఐదో రోజు మేత ముట్టలేదు. లద్ది నీళ్లలా పోయింది.

కాక వచ్చి దాని పెదవి ఎత్తి చూశాడు. నోట్లో పుండ్లు.

"మందు ఎన్నిసార్లు పెడుతున్నవ్ రా?"

"పొద్దుగాల ఒక్కసారే కాకా."

"నేను గూడ ఒకసారి పెడ్తున్న" అన్నాడు తమ్ముడు.

"జర మన గోళీలు గూడ..." నేను నసిగాను.

"నీ తెలివికి దండం రా అయ్యా! గవన్నీ ఒక్క తీరు మందులే. ఒకదాని మీద ఒకటి వేస్తే కడుపు పుండైతది, కిడ్నీలు ఖరాబైతయ్. నీళ్లన్న తాగుతున్నదా, సూశినవా?"

"మస్తు నడిచింది గద కాకా!"

"నొప్పి దెల్వక నడిచింది. లోపల గిట్ట ఊడుతుండొచ్చు. నొప్పి మందు పని జేసెటందుకు గాదు రా, పండుకునెటందుకు."

ఆ మాట గుర్రం గురించే అన్నాడా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

డాక్టర్‌కు ఫోన్ కలిపి, ఏమేం పెట్టామో దాచకుండా నా నోటితోనే చెప్పించాడు. డాక్టర్ వచ్చి ఆ మందు ఆపించి, కడుపుకు మందిచ్చాడు. షెడ్డులో ఇసుక మెత్తగా పోశాం. బరాత్ వాళ్లు గుజరాతీలో తిట్టిన తిట్లు నాకు సగమే అర్థమయ్యాయి, అదొక అదృష్టం.

గుర్రం తేరుకున్నాక, డాక్టర్ కొన్నాళ్లపాటు మళ్లీ తక్కువ మందు పెట్టమన్నాడు. అప్పుడు కాక నా చేతిలో సుద్దముక్క పెట్టాడు.

"షిఫ్టు మారంగ ఎవని నేత యాడిదాకనో బట్ట మీద గీత గీస్తరు గద? గట్లనే మందు పెట్టినంక గోడ మీద గీయి. గీత ఉన్నదంటే రెండోటోడు డబ్బ ముట్టొద్దు."

మగ్గం ముట్టని మనిషి మా పని మాకే నేర్పాడు. రోజూ వచ్చి ముందు గోడ, తర్వాత నోరు, ఆ తర్వాత లద్ది చూసిపోయేవాడు. డాక్టర్ మందు ఆపమన్న రోజున చివరి గీత పక్కన తానే 'బంద్' అని రాశాడు. ఇప్పుడు పైనుంచి కొత్త గిట్ట దిగుతోంది. సగం దాకా వచ్చింది.

మొన్న కాక పాడె వెంట గుర్రం తల వంచుకుని గల్లీ చివరిదాకా నడిచింది. చూసినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు.

ఈ ఒక్కటీ నేను కల్పించింది. గుర్రాన్ని డాంబరు రోడ్డు ఎక్కించొద్దని డాక్టర్ ఇంకా అంటూనే ఉన్నాడు. ఎక్కించి ఉంటే కాక పాడె మీంచి లేచి నన్ను తిట్టేవాడు. మేం ఆయన్ని తీసుకుపోతున్నప్పుడు అది షెడ్డులోనే ఉంది. గోడ మీద ఆయన రాసిన 'బంద్' కింద, ఇసుకలో కాళ్లు బారచాపి, హాయిగా నిద్రపోతోంది.