బతికున్న ముక్క

చర్మం ముక్క చేతికొస్తే ఫార్మలిన్ సీసాలో వేయడం నాకు పదిహేనేళ్ల అలవాటు. భద్రాచలంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఫార్మలిన్‌లో ముక్క కుళ్లదు, కానీ బతికున్న కణం ఒక్కటీ మిగలదు. మామూలు పరీక్షకు అది చాలు. ఈ మధ్య నెత్తిన పడ్డ పరిశోధనకు మాత్రం చాలదు. దానికి ముక్కను కణాలు చావకుండా ఉంచే గులాబీరంగు ద్రవంలో వేసి, ఐసు డబ్బాలో అదే రోజు హైదరాబాద్ పంపాలి. ఉన్న పనికే ఓపిక లేదంటే ఇదొకటి!

ఆ రోజు పినపాక వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ముంజేతి మీద స్పర్శ లేని మచ్చ. కుష్ఠేమోనని అనుమానం. మచ్చ నుంచి పరీక్షకో ముక్క తీస్తారని చెప్పి, పరిశోధనకు పక్కనున్న మంచి చర్మం నుంచి ఇంకొకటి ఇమ్మని అడిగాను. ఎందుకని అడిగింది.

“ఈ రోగం తెచ్చే క్రిమి ఒంటి మీద చక్కెరలుంటయమ్మా. మన తోలుల కాపలా కణాలుంటయి. వాటి మీద లాంగరిన్ అని ఒక ప్రోటీన్ ఉంటది. అది ఆ చక్కెరను పట్టుకొని క్రిమిని లోపలికి గుంజుతది. ఎట్ల గుంజుతదో బతికున్న తోలులనే సూడాలె.”

“చక్కెరకు చీమలు పట్టినట్టా?”

“అవ్, గట్లనే.”

“కోసినంక గూడ బతికుంటదా?”

“ఒక్క రోజు ఉంటదమ్మా.”

ఆ మాట ఆమెకు నచ్చినట్టుంది. వేలిముద్ర వేసింది. డాక్టరుగారు రెండు ముక్కలూ తీసి నా చేతికిచ్చి ఓపీకి వెళ్లిపోయారు. నేను రెండింటినీ ఫార్మలిన్‌లో వేసేశాను. మూత బిగిస్తుంటే పక్కన గులాబీరంగు సీసా కనబడింది. ఛీ, నా చెయ్యి పాడుగాను! తీసి కడిగినా ఇక లాభం లేదు.

ఎవరూ చూడలేదు. ‘ముక్క చిన్నదైంది, ఇంకొకటి కావాలి’ అంటే సరిపోయేది. ఆ అబద్ధం నోటిదాకా వచ్చింది కూడా. ఆమె బెంచీ మీద కట్టు పట్టుకుని కూర్చుని ఉంది. సిగ్గేసింది.

“తప్పు చేసినమ్మా. రెండో ముక్క గూడ మందునీళ్లల్ల ఏసిన. సచ్చిపోయింది. ఇంకొకటి ఇస్తవా?”

ఆమె నా ముఖంలోకి చూసింది. తిట్టినా బాగుండేది.

“మచ్చ కాడ సూది గుచ్చితే నాకు తెల్వనే లేదు బిడ్డా. నొప్పి తెలిసింది గా మంచి తోలు కాడనే. గదాన్నే సంపుకున్నవా?”