వెంకాయమ్మ గారి మర దగ్గర వరస

నా సరుకు ఎందుకు కనబడటం లేదని నేను రాసిన నాలుగు ఉత్తరాలకు ఇంతవరకు ఒక్క మనిషీ జవాబివ్వలేదు. నా కారం పొట్లాలు అమ్మిపెట్టే ఆన్‌లైన్ కంపెనీ నుంచి మాత్రం ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అని నాలుగుసార్లూ ఒకే వాక్యం వచ్చింది. మొన్న ఆ కంపెనీ సొంత పేరుతో అమ్మకానికి పెట్టిన కారం తెప్పించి పొట్లం కత్తిరించాను. ఘాటు ముక్కుకు తగలగానే తెలిసింది. తొడిమలు తీసి, ఘాటుకు ఒక రకం, రంగుకు ఒక రకం కలిపిన నా కారం పద్ధతే. ఫోనులో వెతికితే వాళ్ళది మొదట ఉంది, నాది ఎంత జరిపినా కనబడలేదు. అమ్మకాలు పడిపోయి, తొడిమలు తీసే ముగ్గురు ఆడవాళ్ళను ఈ వారం పనికి రావద్దన్నాను. తుమ్ముతూనే వెంకాయమ్మ గారిని తలుచుకున్నాను.

మార్టూరు దగ్గర మా ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కారం మర ఆవిడది. పదేళ్ళు అక్కడ పనిచేశాను. ఒకరి మూట అయ్యాక మరను కర్రతో తట్టి, చివరి చిటికెడు కూడా వాళ్ళ గిన్నెలో రాలేదాకా రెండో మూట ముట్టనిచ్చేవారు కాదు. ఒకరోజు నేనే సలహా ఇచ్చాను. “ఎవరి కాయ మంచిదో, ఎవరికెంత కావాలో మనకు తెలిసినంతగా ఎవరికీ తెలీదండి. మనమే పొట్లాలు కట్టి అమ్మితే?”

ఆవిడ ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాగారు. “వాళ్ళు మూట విప్పి చూపించింది అందుకేనా నాయనా? ఉన్నది ఒక్క మర. నేనూ కారం అమ్మితే వాళ్ళ మూట ఎప్పుడు ఆడిస్తానో చెప్పు.”

“వరస ప్రకారమేనండి.”

“నీ మొహం. నా మూట పక్కనుంటే నా చెయ్యే నా మాట వినదు. మరన్నా ఆడించాలి, కారమన్నా అమ్మాలి.”

అందరి ముందూ అన్నారని నెల రోజులు మాట్లాడలేదు. ఆవిడ రోజూ మజ్జిగ గ్లాసు నా పక్కన పెట్టి, “అలక తీరిందా అబ్బాయ్?” అని అడిగి వెళ్ళేవారు. మజ్జిగ తాగేవాణ్ణి, జవాబు చెప్పేవాణ్ణి కాదు.

తర్వాత నేను విడిగా కారం వ్యాపారం పెట్టుకున్నాను. మొదటి మూట తీసుకెళ్తే, కిలో కాయలు తెచ్చిన ముసలమ్మ వెనక నిలబెట్టారు.

“పదేళ్ళు చేశానండి ఇక్కడ,” అన్నాను.

“చేశావుగా. వరస ఎక్కడ మొదలవుద్దో తెలిసే ఉండాలి,” అన్నారు. ముసలమ్మ నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ మర్చిపోలేదు. నా వంతు వచ్చాక మాత్రం ఆవిడే లేచి, మరను గట్టిగా తట్టి, చివరి చిటికెడుదాకా నా గిన్నెలోనే రాల్చారు.

ఆవిడ ఇప్పుడు లేరు. ఇలాంటి కంపెనీలకు గట్టి నిబంధనలు పెడితే చాలని మా మేనల్లుడు అంటాడు. నాకు నమ్మకం లేదు. వెంకాయమ్మ గారి వరస గుమ్మంలో నిలబడ్డ ప్రతివాడికీ కనబడేది. ఫోను లోపలి వరసను ఎవడు చూడొచ్చాడు? విడగొట్టాల్సిందే. అంగడి నడిపేవాడు ఒకడు, అందులో సరుకు అమ్మేవాడు ఇంకొకడు కావాలి.

ఐదో ఉత్తరం ఇవాళ రాశాను, నకలు ప్రభుత్వానికి కూడా పంపాను. ఆవిడ నాకు నచ్చని జవాబైనా నా మొహం చూసి చెప్పారు. కంపెనీని నేను అడిగేది ఒక్కటే: మీరు మర ఆడిస్తారా, కారం అమ్ముతారా? పేరూ సంతకమూ ఉన్న మనిషి ఎవరైనా నాకు జవాబు చెప్పండి.